నాలుక పోయిన గంట

నేను ఒక గంటను. ప్రస్తుతం నాకు నాలుక లేదు. తీసిందెవరో నాకు తెలుసు. చెప్పడానికి కావలసిందే పోయింది.

రేపు ఈస్టర్. కింద కెథెడ్రల్ మెట్ల దగ్గర సంఘ సెక్రటరీ సుగుణరాజుగారు నన్ను మోగించే ప్రభుదాసును నిలదీస్తున్నారు. గుడ్‌ఫ్రైడే ముందు రాత్రి నుంచి ఈస్టర్ తెల్లవారేదాకా నేను మోగకూడదన్నది ఇక్కడి ఆచారం. ఏటా ఆ మౌనంలోనే ప్రభుదాసు నా ఇనుప నాలుక ఊడదీసి, తోలుపట్టీ మార్చి, నూనె రాసి బిగిస్తాడు. ఈసారి గోపురం కింద పెట్టి భోజనానికి వెళ్లొచ్చేసరికి అది లేదు.

"ఏ పాతసామాన్ల కొట్టుకి తోలేశావయ్యా? రేపు ఆరాధన అయ్యేలోగా కనపడకపోతే పోలీసులొస్తారు. క్వార్టరు కూడా ఖాళీ చేద్దువుగాని."

"దాని నోరు నేను మూస్తానాండీ?" అన్నాడు ప్రభుదాసు. ఛాతీ పట్టుకుని మెట్టు మీద కూలబడ్డాడు.

నన్ను ఇంగ్లండులో పోతపోసి, ఓడలో ఈ రేవు పట్టణానికి తెచ్చారు. తొలిరోజుల్లో నేను పిలిస్తే దొరలు లోపల బెంచీల మీద కూర్చునేవారు. వాళ్లకు పంకాలు లాగేవాళ్లు వరండాలో ఉండేవారు. దేవుడు ఇద్దరికీ ఒకడేనని లోపల ప్రసంగం జరిగేది. దొరలు వెళ్లిపోయారు, పాలరాతి పలకల మీద పేర్లు మిగిలాయి. వరండావాళ్ల మనవలు లోపలికొచ్చి తెలుగు కీర్తనలు అందుకున్నారు. బిషప్పు పీఠమెక్కినవాడూ తెలుగువాడే. తుఫానొస్తే ఏ మతమని అడగకుండా ఊరంతటినీ నేనే లోపలికి పిలిచాను.

ఇప్పుడు తుఫాను కబురు ఫోన్లు చెబుతున్నాయి. పెళ్లిళ్లకు స్పీకర్లో రికార్డు గంట మోగుతోంది. నా దగ్గరికొచ్చేది పావురాలు, ప్రభుదాసు. అతనూ ఈమధ్య మెట్టుమెట్టుకీ ఆగుతున్నాడు. అయినా ఈస్టర్ తెల్లవారుజామున జనం నిండేదాకా ఆపకుండా తాడు లాగాల్సిందే అంటాడు.

తెల్లారింది, ఈస్టర్ వచ్చింది. ఈ ఉదయం జనాన్ని స్పీకరే పిలిచింది.

ఈస్టర్‌కు ముందొచ్చే శ్రమదినాల్లో లోపలి సిలువకూ, రెక్కల మీద బైబిలు మోసే ఇత్తడి గద్ద బొమ్మకూ ఊదారంగు ముసుగులు కడతారు. ఈస్టర్ ఆరాధనలో పాస్టరు అయ్యగారు విప్పేదాకా వాటినెవరూ ముట్టరు. తాడు దిగే రంధ్రంలోంచి చూస్తున్నాను. అయ్యగారు గద్ద ముసుగు లాగారు. దాని కాళ్ల దగ్గర నా నాలుక.

కీర్తన మధ్యలో ఆగింది.

ప్రభుదాసు ఆ ముసుగు ముడులకేసి చూశాడు. తర్వాత ఆడవాళ్ల వరసకేసి చూశాడు. "నేనే దాచానండి" అన్నాడు.

"చూశారా?" అన్నారు సుగుణరాజుగారు, అందరికేసీ తిరిగి.

ఆడవాళ్ల వరసలోంచి ప్రభుదాసు భార్య లేచింది. ముసుగులు కుట్టేదీ కట్టేదీ ఆవిడే. నిన్న నా నాలుకను కొంగులో చుట్టి, చంటిబిడ్డలా ఎత్తుకుపోయిన చేతులు ఆవిడవే.

"అబద్ధమాడకయ్యా, గుళ్లో ఉన్నావు" అంది భర్తతో. తర్వాత అయ్యగారికేసి తిరిగింది. "తాడు లాగితే గుండె ఆగిపోద్దని డాక్టరుగారు చెప్పారండి. ఈయన వినడు. మీకు చెబితే పనీ, ఇల్లూ పోతాయని భయపడ్డాను. ఈ పొద్దుటి గంట తప్పితే చాలనుకున్నాను. ముసుగు తీస్తే ఎలాగూ దొరుకుద్దని..."

ఆవిడ చెప్పడం పూర్తయితే ఇక నా తాడు పట్టేవాడుండడు. నాకు తెలుస్తూనే ఉంది.

"దొంగ ఈయన కాదండి, నేను. కరుణమ్మ. ఈయన పెళ్లాం కరుణమ్మ."