పదమూడు చుక్కలు

కాలేజీ ల్యాబులో పనిచేసే పెద్దకోడలికి హాల్లో ఉన్న చేపల తొట్టె అంటే ప్రాణం. అందులో పదహారు నియాన్ చేపలుండేవి. నెల తిరక్కుండా ఐదు పోయాయి.

మొదటి రెండూ వయసుడిగి పోయాయనుకుంది. మూడోది పోయాక ల్యాబు నుంచి మందు తెచ్చి నీళ్లు పరీక్షించింది. రంగు కలిపి ఎర్రబడిన నీళ్లు నీలానికి మారేదాకా ఆ మందు చుక్కలు లెక్కపెడుతూ వేయాలి. ఎన్ని చుక్కలు పడితే నీళ్లలో అంత సున్నం ఉన్నట్టు. కుళాయి నీళ్లకు నాలుగు సరిపోయాయి. తొట్టె నీళ్లకు పదమూడు పట్టాయి. మెత్తటి నీళ్లలో బతికే చేపలవి, అంత సున్నం వాటికి పడదు.

తొట్టెలో పోసేది కుళాయి నీళ్లే. అడుగున పరిచిన రాళ్లమీద వెనిగర్ వేసి చూసింది, నురగ రాలేదు; వాటిలో సున్నం లేదు. అంటే ఎవరో ఏదో వేస్తున్నారు.

అన్నదమ్ములిద్దరూ పొద్దున పోతే సాయంత్రానికి గానీ రారు. అత్తగారు గోడ పట్టుకుని నడిచే మనిషి. ఇక మిగిలింది ఇంట్లోనే బట్టలు కుట్టే తోడికోడలు.

"ఆ తొట్టె మోటారు రోజంతా జోరీగలా మోగుతోందక్కా, తీసేద్దూ," అని విసుక్కున్నదీ ఆమే.

అనుమానం పెనుభూతం. తొట్టె అంచున తెల్లటి పొడి కనబడగానే పెద్దకోడలికి కుట్టుమిషను దగ్గరి సుద్దముక్కలు గుర్తొచ్చాయి. ఒకటి దొంగతనంగా తెచ్చి వెనిగర్ వేస్తే బుసబుసా పొంగింది. ఆ రోజు నుంచి తోడికోడలితో ముక్తసరిగా మాట్లాడడం మొదలుపెట్టింది.

గురువారం సగంరోజు సెలవు పెట్టి, చెప్పులు బయటే విడిచి, చప్పుడు చేయకుండా లోపలికొచ్చింది. తోడికోడలు మోచేతిదాకా తొట్టెలో చెయ్యి పెట్టి ఉంది.

"ఏం వేస్తున్నావ్?"

ఆమె ఉలిక్కిపడి పిడికిలి విప్పింది. సగం కరిగిన తెల్ల మాత్ర. "వెయ్యట్లేదక్కా, తీస్తున్నా. ఈ వారంలో ఇది మూడోది."

అత్తగారి కాల్షియం మాత్ర!

"మరి నాకెందుకు చెప్పలేదు?"

"చెప్తే అత్తయ్యమీద పడతావు. చెప్పకపోతే నామీద పడ్డావు."

గదిలోంచి అత్తగారి గొంతు వినబడింది. "అవి గొంతుకి అడ్డం పడుతున్నాయే! చెత్తబుట్టలో వేస్తే పెద్దాడు చూస్తాడు. చేపలకీ ఎముకలుంటాయిగా, బలమే కదా అని వేశా."

పెద్దకోడలికి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. నీళ్లన్నీ ఒక్కసారి మారిస్తే మిగిలినవీ తట్టుకోలేవని రోజుకో రెండు చెంబుల చొప్పున మార్చింది. ఇంకొక్కటి పోయింది, పది నిలిచాయి. డాక్టరు అత్తగారికి మాత్రలు ఆపి సిరప్ రాశాడు.

తోడికోడలిని క్షమించమని అడిగింది. "ఒక్క మాట నన్నే అడిగుంటే పోయేదిగా," అని ఆమె మళ్లీ కుట్టుమిషను ముందు కూర్చుంది. ఆ తర్వాత చాలా రోజులు పెద్దకోడలిని "మీరు" అనే పిలిచింది.