రాయకపోయినా ఉన్నట్టే

కంప్యూటర్‌కు పని చెప్పే భాషలో కొత్త వెర్షన్ వచ్చిన దగ్గర్నుంచి ఆఫీసు మెట్లలో మొదటిదీ చివరిదీ మాత్రమే ఉంటున్నాయి. మధ్యవి ఎలాగూ ఉంటాయని అందరికీ తెలుసు కాబట్టి తీసేశారు. హైమవతి మొదటి మెట్టు మీద కాలు పెట్టి, ఆ పైన గాలిని తొక్కుకుంటూ మూడో అంతస్తుకు చేరుతుంది. మోకాళ్ళ నొప్పి మాత్రం అన్ని మెట్లకూ సరిపడా వస్తుంది.

మధురవాడలో, కొండవాలు మీదుంది ఆ ఆఫీసు. తోటివాళ్ళు రాసిన ప్రోగ్రాములు చదివి, బాగుందని ఒప్పుకోవడం అక్కడ ఆమె పని. తను రాస్తే మాత్రం అరటిపండు ఒలిచి చేతిలో పెట్టినట్టు రాస్తుంది. కుర్రాళ్ళు దాన్ని చేటభారతం అంటారు. అననీ, ఆమెకు పట్టింపు లేదు. వాదించే ఓపిక అసలే లేదు.

ఇవాళ టీమ్ లీడ్ తరుణ్ ఎడమ చెయ్యి లేకుండా వస్తాడు.

"చెయ్యేదయ్యా?"

"కుడిదుంటే ఎడమదీ ఉన్నట్టే కదా మేడమ్. రెండూ మోసుకు తిరగడం ఎందుకండీ?"

న్యాయమే అనిపిస్తుంది. అతను స్కూలు బస్సుల ప్రోగ్రాము తెరుస్తాడు. ఏ పిల్లను ఏ స్టాపులో దింపాలో బస్సుకు చెప్పేది అదే. హైమవతి రాసిన రోజుల్లో అందులో గదులూ గుమ్మాలూ ఉండేవి, తిరిగి చూసుకోవచ్చు. ఇప్పుడు ఒకటే వాక్యం మిగిలింది. దాని నడిమధ్యన ఒక ప్రశ్నార్థకం, పక్కన చుక్క.

"ఇదేంటిది?"

"కొత్త సౌకర్యం అండీ. పిల్ల కనిపిస్తే దింపుతుంది. కనిపించకపోతే ఏమీ అనకుండా ముందుకెళ్ళిపోతుంది."

"పాతది అరిచేది కదయ్యా, పిల్ల లేదని."

"ఆ అరుపులు భరించలేకే కదా మేడమ్ ఇది పెట్టింది. మొన్న మీరే ఒప్పుకున్నారు."

నిజమే. మొన్న శుక్రవారం సాయంత్రం, కళ్ళు మండిపోతుంటే, చదవకుండానే 'బాగుంది' నొక్కేసింది. ఆ ఆఫీసులో అందరూ చేసే పనే అది.

హైమవతి కీబోర్డు తన ముందుకు లాక్కుంటుంది. ఆ బస్సులోనే ఆమె కూతురు చిన్మయి ఇంటికొస్తుంది. పాత మాటలు ఒక్కొక్కటే మళ్ళీ రాస్తుంది. 'ఇది తెలిసిందే' అంటూ భాష వాటిని మర్యాదగా చెరిపేస్తుంది. బస్సు అప్పటికే బయల్దేరింది. ఆమె పరిగెడుతుంది. రోడ్డుకు కూడా మొదలూ చివరా తప్ప ఏమీ మిగల్లేదు కాబట్టి వెంటనే స్టాపులో ఉంటుంది.

బస్సు ఆగుతుంది. బూట్లు, వాటి పైన యూనిఫాం, వీపున బ్యాగు దిగుతాయి. ఆ బట్టల లోపల ఎవరూ లేరు.

"ఉన్నట్టేనమ్మా," అంటాడు డ్రైవరు. "రోజూ చూసే పిల్లే కదా."

యూనిఫాం వచ్చి ఆమె చీర కొంగు పట్టుకుంటుంది. చొక్కా చెయ్యి వెచ్చగా ఉంది. హైమవతికి ఏడుపొస్తుంది, కానీ ఏడవడానికి ముందు పని ఉంది. మోకాళ్ళ మీద కూర్చుని, పాత పద్ధతిలో, దేన్నీ వదలకుండా మొదలుపెడుతుంది.

"నుదురు. నుదుటి మీద ఆటలమ్మ పోసినప్పటి మచ్చ. కనుబొమలు, కుడిది కాస్త పైకి. ముందు పన్ను ఊడింది, దాన్ని ఊడినట్టే ఉంచు."

చెప్పిందల్లా వస్తుంది. ముఖం పూర్తవుతుంది కానీ పిల్ల బొమ్మలా నిలబడే ఉంది. హైమవతి ఆలోచిస్తుంది.

"ఆకలేస్తే అలుగుతుంది," అంటుంది చివరికి.

"ఇంత లేటా అమ్మా?" అని చిన్మయి మూతి ముడుస్తుంది.

హైమవతి కూతుర్ని గట్టిగా పట్టుకుంటుంది. ఇక ఇంటికెళ్ళి పడుకోవాలని ఉంది ఆమెకు. లేవబోతే వెనక ఒకావిడ నిలబడి ఉంది, మడత నలగని చిన్న ఖాళీ యూనిఫాం చొక్కా చెయ్యి పట్టుకుని. ఆవిడ వెనక మరొకావిడ. మలుపు దాకా తల్లులే.

"అక్కా, మావాడిది కూడా కాస్త పూర్తిగా చెప్పరూ."

అడిగేవాడికి చెప్పేవాడు లోకువని ఊరికే అన్నారా? హైమవతి మళ్ళీ మోకాళ్ళ మీద కూర్చుంటుంది.

"చెప్తానమ్మా. కళ్ళెలా ఉంటాయి?"

ఆవిడ వెనకావిడ వైపు చూస్తుంది. వెనకావిడ తల దించుకుంటుంది.

"అందరి పిల్లల్లాగే ఉంటాయక్కా," అంటుంది మొదటావిడే మెల్లగా.

రోడ్డు పొడుగునా అప్పుడు ఆ ఖాళీ చొక్కా చేతులు ఒక్కొక్కటే పైకి లేస్తాయి, క్లాసులో జవాబు తెలిసిన పిల్లలు ఎత్తినట్టు.