ఐదో ముడి

కుళాయి ముందుగా ఊపిరి తీస్తుంది.

లోపల ఎక్కడో గాలి కదులుతుంది. ఇత్తడి బిందెలు ఒకదానికొకటి తగిలి ఊరుకుంటాయి. ఆ తర్వాతే నీళ్ళు — సన్నగా, తుప్పు రంగులో, మెల్లగా తేటపడుతూ.

పంతొమ్మిది వందల అరవై ఆరు వేసవి. న్యూ సెటిల్‌మెంట్‌లో మా రైల్వే క్వార్టర్ల లైనుకి ఎనిమిది ఇళ్ళు, ఒక కుళాయి. ఉదయం వర్క్‌షాపు మొదటి సైరన్ నుంచి రెండో సైరన్ దాకా ముప్ఫై రెండు బిందెలు. ముప్ఫై మూడోది ఎప్పుడూ నిండలేదు.

కుళాయి పక్క స్తంభానికి ఒక తాడు. తాడుకి ఎనిమిది చీర పేలికలు. ఇంటికొక రంగు. వంతుకొచ్చే బిందెకొక ముడి.

గంగాభవాని కట్టింది. నా భార్య. అక్షరం రాదు ఆమెకి.

ఫాల్గుణంలో పోయింది.

తాడు మిగిలింది.

నేను బడిలో చరిత్ర చెబుతాను. సెలవుల తర్వాత పాఠం పెరూ కొండల ఇంకాలు. రైలు చక్రాల చప్పుడు ఆగని ఈ ఊళ్ళో కూర్చుని చదువుతున్నాను — వాళ్ళకి చక్రమే లేదట. ఇనుము లేదు. రాత లేదు.

అయినా రాజ్యం కట్టారు.

కొండల మీదుగా బాటలు వేశారు. గుడిసె నుంచి గుడిసెకి పరుగెత్తి కబురు అందించారు. ఇళ్ళని పదులుగా కట్టి, ప్రతి పదికీ ఒక పెద్దని పెట్టారు. ఇంటికొకరు వంతు ప్రకారం రాజ్యం పనికి వెళ్ళాలి. వంతులో ఉన్నన్నాళ్ళూ రాజ్యం వాళ్ళకి తిండి పెట్టాలి. వానలు లేని ఏటి కోసం కొండ వాలున వరసగా ధాన్యపు కొట్లు. ఇదంతా గుర్తుంచుకున్నవి ముడులు వేసిన తాళ్ళు. ఏ వస్తువో రంగు చెబుతుంది. లెక్క ఎంతో ముడి చెబుతుంది.

అలసిన కళ్ళతో ఆ పేజీ మూడుసార్లు చదివాను.

కుళాయి దగ్గరి తాడు గుర్తు రాలేదు.

ఆమె పోయినప్పటి నుంచి మా బిందెలు పక్కింటి దాలమ్మే నింపి గుమ్మంలో పెడుతోంది. ఎన్ని పెడుతోందో నేను చూసుకోలేదు. దయని ఎవరు లెక్కపెడతారు...

ఆదివారం తాడు దించాను. మసి పట్టింది. కుంకుడు రసంలో ఉతికి నీడలో ఆరేశాను. తక్కిన పేలికలకి నాలుగేసి ముడులు. మా పసుపు పేలికకి మూడే. భవాని మరిచిపోయి ఉంటుంది అనుకున్నాను. మా లైనులోని ఎస్తేరమ్మ నీలం పేలికకి, నాలుగు ముడుల కింద, ఒక చిక్కు.

గుండుసూదితో విప్పాను. చాలాసేపు పట్టింది. ఎంత గట్టి చిక్కో.

మా పేలికకి నాలుగో ముడి వేశాను.

అన్నీ సమానమయ్యాయి. తాడు మళ్ళీ స్తంభానికి కట్టి, చూసుకుని తృప్తిపడ్డాను.

సోమవారం వసారాలో కూర్చుని విన్నాను. కుళాయి దగ్గర ఇప్పుడు లెక్క చూసేది దాలమ్మ; ఆమె వేళ్ళు నీలం పేలిక మీద దిగుతున్నాయి.

"నాలుగే ఉన్నాయే, ఎస్తేరూ."

"నిన్నటి దాకా ఐదు కదా, దాలక్కా."

"నిన్నటి మాట తాడుకి తెల్దు కదే. మేస్టారు దించి ఉతికినారు. సదువుకున్నోరు, ఏటో ఆలోసించే మార్సుంతారు."

ఎస్తేరమ్మ ఐదో బిందె ఖాళీగా ఎత్తుకుంది.

వాళ్ళింట్లో మంచం మీద ఆమె భర్త కృపారావు. రెండేళ్ళ కిందట ఎడమ పక్క పడిపోయింది. ఐదో బిందె అతని వీపు తుడవడానికి. ఈ ఎండల్లో ఒక్క పూట తుడవకపోతే చర్మం పుండవుతుంది.

ఆ ఉదయం మా గుమ్మంలో నాలుగు బిందెలు ఉన్నాయి.

నాలుగోది అంచు దాకా నిండి ఉంది. అందులో ఆకాశం.

అప్పుడు తెలిసింది... నెమ్మదిగా, ఈ వయసులో అన్నీ తెలిసినట్టే. మూడు మరిచిపోయి వేసినవి కావు. నీలం మీది ఐదోది చిక్కు కాదు, మా నాలుగోదే.

ఇంకాలు ముందు దేవుడి పొలం దున్నేవారట. ఆ వెంటే వితంతువులవీ రోగులవీ. రాజు పొలం ఆఖరట. భవాని ఆ పుస్తకం చూడలేదు.

నాలుగో బిందె మోసుకెళ్ళి ఎస్తేరమ్మ గుమ్మంలో దించాను. సంగతి చెప్పాను.

ఆమె బిందెని గడప లోపలికి జరిపింది.

"ఈ రోజుకి ఉంచుతాను, మేస్టారూ. ఆయనకోసం. రేపు మాత్రం తేవొద్దు. మీరు మోసుకొస్తే అది ధర్మం సేసినట్టు. తాడు మీదుంటే నా వంతు. భవానొదిన నాకు వంతిచ్చింది."

తాడు మళ్ళీ దించి ముందేసుకుని కూర్చున్నాను. నేను మా పేలికకి వేసిన ముడి లాగితే చిటికెలో ఊడింది. నీలం పేలికకి ఐదోది వేశాను. జారింది. మళ్ళీ వేశాను. భవాని ముడులన్నీ ఒక్క వాటంగా పడుకుని ఉన్నాయి. ఎటు తిప్పి లాగేదో...

ఇరవై రెండేళ్ళు ఆమె వేళ్ళు నా కళ్ళ ముందే ఉన్నాయి.

దాలమ్మ వచ్చి వంగి చూసింది.

"ఇది ముడి కాదు, మేస్టారూ. సిక్కు."

"ఇంతకుముందు ఉన్నదాన్ని నేను చిక్కనుకున్నాను, దాలమ్మా."

ఆమె నవ్వబోయి మానేసింది. "నాకూ రాదు. ఆయమ్మ సెయ్యి వేరు. రేపు నీళ్ళకాడ సూద్దాం. ఎనిమిదిళ్ళోళ్ళూ ముడంటేనే ముడి."

పుస్తకం చివర, బయటినుంచి వచ్చినవాళ్ళు ఆ తాళ్ళు ఎన్నో తగలబెట్టారు. వాటిని చదవగలిగినవాళ్ళు ఒక్కొక్కరే పోయారు. మిగిలిన తాళ్ళని పూర్తిగా చదివి చెప్పగలవాళ్ళు లేరట.

వాళ్ళవి పరాయివాళ్ళు కాల్చారు.

మాది నేనే విప్పాను — గుండుసూదితో, జాగ్రత్తగా.

మంగళవారం. సైరన్. ఎనిమిది ఇళ్ళవాళ్ళూ వచ్చారు, మా ఇంటికి నేను. చివర ఎస్తేరమ్మ. ఐదో బిందె కూడా తెచ్చుకుంది.

దాలమ్మ వేలు నీలం పేలిక మీద దిగింది. ఒకటి. రెండు. మూడు. నాలుగు.

నా చిక్కు దగ్గర ఆగింది.

ఆ వేలు అక్కడే ఉంది...

ఖాళీ బిందెలు ఒకదానికొకటి తగిలి ఊరుకున్నాయి.

కుళాయి ఊపిరి తీసింది.