పూలమ్మకు చెప్పే వాన

మదనపల్లె బస్టాండు ఎదురు సందులో ధనుంజయ నడిపే ఇంటర్నెట్ సెంటరుకు మధ్యాహ్నం పూట పెద్దగా ఎవరూ రారు. రిజల్ట్స్ వచ్చిన రోజు తలుపులు విరగ్గొట్టేంత పని చేసే కాలేజీ పిల్లలు కూడా ఆ ఎండలో ఎక్కడివాళ్లక్కడ నీడ చూసుకుంటారు. ఆ వేళకు భార్య యమున క్యారియర్ పట్టుకుని, కూతురు సుష్మను నడిపించుకుంటూ వచ్చేది. ధనుంజయ అన్నం తిని వెనక చాప మీద నడుం వాల్చేవాడు. నాయన పొట్ట మీద కాలేసుకుని పిల్ల నిద్రపోయేది. అప్పుడు గోడవారన ఉన్న చివరి కంప్యూటరు యమునది.

ఆ కంప్యూటర్లోనే ఆమె ఒక బ్లాగు తెరిచింది. 2008లో తెలుగులో అట్లా రాసేవాళ్లు అప్పుడప్పుడే ఎక్కువవుతున్నారు. ఇంగ్లీషు అక్షరాలు కొడితే తెరమీద తెలుగు పడే కిటుకు ధనుంజయే నేర్పించాడు. మొదటిసారి తను పుట్టిన కుప్పం గురించి రాసింది. రైలు ఆగగానే తెలుగు, అరవం, కన్నడం మూడూ కలిపి ఒకే కేక వేసి కాఫీ అమ్మే మనిషి గురించి. రాసేటప్పుడు భయం వేయలేదు. ఎవరైనా చదువుతారన్న ఊహే లేదు కాబట్టి.

చదివారు. 'ఆ కేక నాకు వినబడింది' అని ఒకరు, 'మళ్లీ ఎప్పుడు రాస్తారు?' అని ఒకరు. చివరగా ఒకాయన: 'చాలా బాగా రాశారు. మీరేం చదువుకున్నారు?'

పాపం, ఆయన మంచిగానే అడిగాడు. కానీ ఆ ప్రశ్న యమున వేళ్లకు అడ్డం పడింది. ఇంటర్ మొదటి సంవత్సరం హాల్ టికెట్ కుప్పానికి వచ్చేనాటికి ఆమె మెడలో తాళి పడి, పుంగనూరులో అత్తగారింట చేట పట్టుకుని రాగులు చెరుగుతూ ఉంది. ఆ సంగతి తెలిస్తే చదివినవాళ్లంతా ఏమనుకుంటారు? ఇప్పుడు రాసేదాంట్లో తప్పులు వెతకరూ?

రాయాలనుకున్నది మాత్రం మనసులో సిద్ధంగా ఉంది. కాలేజీ మానేసే ముందు పడిన ఒక వాన, ఆ వానలో చిన్ననాటి స్నేహితురాలు పూలమ్మ. కూర్చునేది. ఒక వాక్యం కొట్టేది. ఇంత వట్టి మాటలా అనిపించి పెద్ద మాట ఒకటి వెతికి పెట్టేది. ఇది మరీ అతిగా ఉందని తీసేసేది. పిల్ల లేచేసరికి తెర మళ్లీ తెల్లగా ఉండేది. నెల తిరిగినా అంతే.

ఒకనాడు క్యారియర్ సర్దుతూ అనేసింది. "ఆ బ్లాగు తీసేయప్పా."

"యాల? ఎవుడన్నా తిట్నాడా?" అన్నాడు ధనుంజయ.

"తిట్టలా. ఏం సదువుకున్నావని అడిగినాడు."

"సెప్పు మరి."

"ఏమని సెప్పేది? హాల్ టికెట్ దాకా అనా?"

ధనుంజయకు నవ్వొచ్చింది గానీ, ఆమె ముఖం చూసి మింగేశాడు. "సరే. జాతరకు పుంగనూరు పోతాండాము గదా. వొచ్చినాక గూడా తీసేయాలనిపిస్తే తీసేస్తా. అదేం పెద్ద పని గాదు. కానీ ఒక తూరి పోతే మల్ల రాదు, సూసుకో."

జాతరరోజు గంగమ్మ గుడికి పోయేవాళ్లు పుంగనూరులో అత్తగారి వీధిలోంచే నడుస్తారు. ధనుంజయ తల్లి గోవిందమ్మ ఏటా వాకిట్లో కుండ పెట్టి వాళ్లకు రాగి అంబలి పోస్తుంది. ఆ ఏడు దొడ్లో జారిపడి మణికట్టు వాచింది. కుండ కోడలి చేతికి వచ్చింది.

పొద్దున్నే పొయ్యి మీద నీళ్లు కాగుతున్నాయి. ముందునాడు నానేసి పులవబెట్టిన రాగిపిండి పక్కనే ఉంది. గోవిందమ్మ మంచం మీద నుంచే చెప్పింది. "పిండి పోసేముందు ఎవురికో సెప్పుకో."

అది ఆ ఇంటి ఆనవాయితీ. అయ్యవారు చెప్పించే సంకల్పంలో తిథీ వారమూ గోత్రమూ ఉంటాయి. గోవిందమ్మ సంకల్పంలో అవేవీ ఉండవు. ఈ అంబలి ఫలానా మనిషికి, తాగి ఆ మనిషికి ఇట్లా కావాలి అని నోరు తెరిచి ఒక ముక్క అనుకోవడమే.

యమున చేతులు జోడించింది. "ఎవురూ బాగలేదనగూడదు తల్లీ."

మంచం కిర్రుమనేలా నవ్వింది గోవిందమ్మ. "ఎవురికి పోస్తాండావో సెప్పమంటే, ఎవురు తిడతారో సెప్తాండావే! జాతర జనం నోర్లన్నీ మూసేదానికి నీ రెండు సేతులు సాలవు మ్మే. ఒక మనిసిని తల్సుకో."

"అట్నే అత్తా," అంది గానీ, యమున మనసు మనిషి మీద నిలవలేదు. పిండి పోసి కలియబెట్టింది. తెడ్డు ఎత్తి చూస్తే పలుచగా జారింది. నీళ్లు తాపుతున్నారంటారేమో. గబగబా డబ్బా తీసి పొడిపిండి దోసెడు చల్లింది. మరిగే అంబలిలో పొడిపిండి పడితే ఏమవుతుందో ఆమెకు తెలియనిది కాదు. కంగారులో తోచలేదు. ఉండలు కట్టింది. ఉండలు చిదుముదామని తెడ్డుతో కొడితే అడుగంటింది.

మాడు వాసనకు గోవిందమ్మ లేచి వచ్చి కుండలోకి తొంగిచూసింది. "పిండి యాల సల్లినావు?"

"పల్సగా ఉండాదంటారేమో అని."

"అన్న్యారా?"

"ఇంకా ఎవురూ రాలా గదత్తా."

"రానోళ్ల మాటకు పిండేసినావా!" గోవిందమ్మ వాకిట్లోకి చూసింది. వీధి ఇంకా ఖాళీగానే ఉంది. "సరే పో. అది ఎనుములకు పోద్దువు. పులిసిన పిండి ఇంకా ఉండాది. మల్ల పెట్టు."

రెండోసారి నీళ్లు కాగుతుండగా యమున గడపలో కూర్చుంది. నిరుడు ఇదే గడప దగ్గర తను నిలబడి ఉంటే, చంకలో బిడ్డతో ఒకామె వచ్చింది. గ్లాసు కాలిపోతుంటే ఇంకో చేత్తో పట్టుకునే వీల్లేక, కింద పెట్టే చోటూ లేక, సగం తాగి వెళ్లిపోయింది. ఆ ముఖం గుర్తులేదు. ఆ చెయ్యి గుర్తుంది.

యమున లేచి కుండ ముందు నిలబడింది. "సంకన బిడ్డనెత్తుకోనొచ్చే ఆయమ్మకి. ఒక సేత్తోనే కడుపునిండా తాగల్ల."

అట్లా అనుకోగానే పని తేలికైంది. ఒక్క చేత్తో తాగాలంటే జారుగా ఉండాలి. కాలకూడదు, కాబట్టి తొందరగా దించి ఆరబెట్టాలి. ఉల్లిపాయ ముక్కలు గొంతుకు అడ్డం పడకుండా సన్నగా తరగాలి. మజ్జిగ ఎంత, ఉప్పు ఎంత అని అత్తను అడగాల్సిన అవసరమే రాలేదు.

జనం మొదలయ్యారు. పక్కింటి నల్లప్ప గ్లాసును వెలుతురు వైపు వంచి లోపలికి చూశాడు. "ఏం గోవిందమ్మా, ఈ ఏడు రాగులకు కరువొచ్చిందా? గ్లాసు అడుగు కనిపిస్తాండాది!"

"నీకు పండ్లుండాయి గదప్పా, ఇంటికి పోయి సంగటి తిను," అంది గోవిందమ్మ.

యమున పిండి డబ్బా వైపు చూసింది. వెంటనే తేరుకుంది. అది నల్లప్పకు చేసిన అంబలి కాదు. అయినా ఆయన ఇంకో గ్లాసు పోయించుకునే వెళ్లాడు.

ఎండెక్కాక చంకలో బిడ్డతో ఒకామె వచ్చింది. నిరుటి ఆమె కాదు. గ్లాసు అందుకుని, ఆగకుండా తాగి, పైటతో బిడ్డ మూతి తుడిచి, గ్లాసు చేతికిచ్చి నడిచింది. బాగుందనలేదు. బాగలేదనలేదు. ఆమె వీధి చివర మలుపు తిరిగేదాకా యమున చూస్తూనే ఉంది.

మదనపల్లెకు తిరిగొచ్చిన మరునాడు మధ్యాహ్నం, ధనుంజయ చాప మీద ఉన్నాడు. పిల్ల నిద్రపోయింది. యమున చివరి కంప్యూటరు ముందు కూర్చుని, అన్నిటికంటే పైన ఒక ముక్క కొట్టింది.

'ఇది పూలమ్మకు. ఆ పొద్దు తను ఏం చేసిందో నాకు ఇంకా గుర్తుందని తనకు తెలియాలి.'

తర్వాత వాన మొదలుపెట్టింది. పూలమ్మ ఐదుతోనే బడి మానేసి గ్రానైట్ పాలిష్ పనికి పోయేది. ఆ సాయంత్రం ఇద్దరూ గూడ్సుషెడ్డు దాకా పరుగెత్తారు. షెడ్డు చేరేదాకా పూలమ్మ యమున పుస్తకాలను తన కడుపుకు హత్తుకుని, వాన తన వీపు మీద పడేటట్టు వంగి పరుగెత్తింది. జుట్టులోంచి రాతిదుమ్ము తెల్లగా కారుతుంటే, 'నీవి యాడా తడవలా సూడు' అని పొడి పుస్తకాలు చూపించి నవ్వింది. మరుసటి వారమే యమునకు పెళ్లి చూపులు. ఆ పుస్తకాలు మళ్లీ తెరవలేదు. ఇప్పుడు పూలమ్మ హోసూరు వైపు ఎక్కడో ఉందని విన్నది, అంతే.

రాస్తుంటే ఒకచోట పాత అలవాటుగా పెద్ద మాట ఒకటి వచ్చి కూర్చుంది. ఏందే, అయ్యోరి మాదిరి మాట్లాడతాండావు అని పూలమ్మ మూతి తిప్పడం కనిపించింది. తీసేసింది. అంతకుమించి ఏదీ తీయలేదు. సుష్మ కదిలేలోపు బటన్ నొక్కేసింది.

ఆ ఊపులోనే పాత ప్రశ్న కింద జవాబు కొట్టింది. 'ఇంటర్ మొదటి సంవత్సరం, పరీక్ష రాయలేదండీ. అడిగినందుకు థ్యాంక్స్.' పంపించేసింది.

ధనుంజయ కళ్లు నులుముకుంటూ వచ్చి వెనక నిలబడి చదివాడు. తర్వాత తెర పైభాగం వైపు వేలు పెట్టాడు. "ఈడ ఏందో ఉండాదే. నువ్వు నీకోసరం రాసుకున్నిది తీసేది మర్సిపొయ్యినట్లుండావు."

యమున చూసింది. నిజమే. పూలమ్మకు అన్న మాట అట్లాగే లోకమంతా చదివేటట్టు పైనే కూర్చుని ఉంది. మౌసు దాకా చెయ్యి పోయింది. ఆగింది.

"తీసేసేదా?" అన్నాడు ధనుంజయ.

"యాది? ఆ ముక్కనా, బ్లాగునా?"

"నువ్వు సెప్పు."

చాప మీద సుష్మ లేచి కూర్చుని అమ్మా అని పిలిచింది. యమున కుర్చీలోంచి లేస్తూ అంది.

"రెండూ ఉండనీప్పా."