వెనక కెమెరాలో మిస్ మెర్లీన్

శనివారం మధ్యాహ్నం లాసెల్స్ టాక్సీలోని తెర బిగుసుకుపోయింది. బిగుసుకుపోవడానికి దానికి ఇంకో చోటే దొరకనట్టు, మిస్ మెర్లీన్ సూప్ కొట్టు దగ్గర, కారు తిప్పుకోడానికి కొట్టువైపు వెనక్కి తీస్తుండగా ఆ పని చేసింది. వెనక కెమెరా చూపించిన బొమ్మ తెర మీద అలాగే అతుక్కుపోయింది. గరిటె ఊపుతూ సాగనంపుతున్న మెర్లీన్, ఆమె వెనక బల్ల మీద కడగాల్సిన గిన్నెలు, తలుపు మీద ఇంతింత అక్షరాలతో ఆమె పేరు. ముందు గేరు వేసినా పోలేదు. క్రిస్టియానా ఊరి బజారు సగం దాటినా మెర్లీన్ గరిటె ఎత్తే ఉంది.

ఇంకొకరికైతే నవ్వులాట. లాసెల్స్‌కి ప్రాణసంకటం. ఈస్టర్‌కి ముందు ఓ రోజు భార్య పక్కనుండగా బండి నడుపుతూ కళ్లు బైర్లు కమ్మి, కారుని తిన్నగా అరటితోటలోకి దింపాడు. రక్తపోటు అన్నారు క్లినిక్‌లో, ఉప్పు మానెయ్యమన్నారు. భార్య ఇసిల్డా అక్కడే అందరి ముందూ భోరుమంది. ఇన్నేళ్ల కాపురంలో ఆమె ఏడవగా అతను చూడలేదు. హడలిపోయి, ఉప్పులో ఊరేసిన పంది తోక వేసిన సూప్ ఇక జన్మలో ముట్టనని బైబిల్ మీద చెయ్యి వేసి ఒట్టేశాడు.

ఒట్టయితే వేశాడు గానీ, ఆ దీవిలో ఎవరింట్లోనైనా శనివారం అంటే సూప్. ఇసిల్డా గుమ్మడికాయ, పెండలం, పిండి ఉండలు అన్నీ వేసి కాచినా, ఉప్పు లేని ఆ సూప్ కడుగునీళ్లలా ఉందని సణిగేవాడు. నెల తిరక్కుండానే కాళ్లు మెర్లీన్ కొట్టు దారి పట్టాయి. అక్కడ లొట్టలేసుకుంటూ తినడం, ఇంటికొచ్చి భార్య పెట్టినదాన్ని సగం వదిలేసి మొహం మాడ్చుకోవడం. పొరుగింటి పుల్లకూర రుచి అని ఊరికే అన్నారా!

ఇసిల్డా మర్నాటి ఆదివారం చర్చి కోసం జుట్టు చేయించుకోడానికి వెళ్లింది. కాసేపట్లో టాక్సీ స్టాండుకొచ్చి ముందు సీట్లో కూర్చుంటుంది, సరిగ్గా తెర ఎదురుగా.

లాసెల్స్‌కి మరమ్మతులు రాక కాదు. ఇంట్లో ఏది విరిగినా పాత కారు సామానుతో బాగుచేసేస్తాడు. కొళాయికి కిటికీ పిడి బిగించాడు, గిన్నె మూతకి గేరు రాడ్ మీది నల్లగుండు బిగించాడు. కానీ ఈ తెర జపాన్‌లో ఎవరో వాడి అమ్మేసిన కారుతో పాటు వచ్చింది. అందులో ఓ ఆవిడ రోజూ పొద్దున్నే జపాను భాషలో ఏదో చెబుతుంది, ప్రయాణికులు "గుడ్ మార్నింగమ్మా" అని బదులిస్తారు. ఆవిడ ఏమంటుందో ఎవరికీ తెలీదు.

స్టాండులో తోటి డ్రైవరు బిగ్స్‌ని సైగ చేసి పిలిచాడు.

"ఇటు రారా. అరవకు."

బిగ్స్ కిటికీలో తలపెట్టి చూశాడు. స్టాండంతా తిరిగి చూసేలా నవ్వాడు.

"ఓరి నాయనో! మిస్ మెర్లీన్ని కార్లో పెట్టుకుని ఊరేగుతున్నావా లాసన్నా?"

"ఇకిలింపు ఆపి దారి చూపించు. మా ఆవిడొచ్చే వేళయింది."

"ఇంజన్ ఆపి మళ్లీ వేశావా?"

"వేశా."

"గుండ్రటి మీట నొక్కిపట్టావా?"

"వేలు వాచింది."

"ఒక్కటిచ్చుకున్నావా?"

"ఇచ్చా. జపాను ఆవిడ ఏదో తిట్టింది."

"అయితే మీట కింద చిన్న బెజ్జం ఉంటుంది చూడు. అందులో సన్నటిదేదైనా గుచ్చితే మళ్లీ మొదట్నుంచి లేస్తుంది."

బెజ్జమైతే ఉంది. అగ్గిపుల్ల పట్టలేదు, ఈనెపుల్ల విరిగింది. లాసెల్స్ స్పానర్ తీసుకుని బానెట్ ఎత్తాడు.

"బ్యాటరీ జోలికి పోకన్నా, నీకు దణ్ణం పెడతా!" అన్నాడు బిగ్స్. "మన క్లూనిస్‌గాడు వాడి బండిలో తీగ పీకాడు. ఆ రోజు నుంచి వాడి తెరలో ఆవిడ రహస్య అంకె చెప్పమని కూర్చుంది. జపాన్లో ఏ తాతో పెట్టుకున్న అంకె ఈ దీవిలో ఎవడికి తెలుసు? రేడియో పోయింది, కెమెరా పోయింది."

"పోతే పోయింది. కొంపైనా నిలబడుతుంది."

"ఏం పీకుతున్నావయ్యా?" అంది వెనక నుంచి ఇసిల్డా.

అతను తిరిగి చూసేసరికే ఆమె తలుపు తీసుకుని కూర్చుంది. లాసెల్స్ పరుగున వచ్చి తెర మీద గుడ్డ కప్పబోయాడు, అప్పటికే ఆలస్యమైంది. ఆమె చూసేసింది. అతను కళ్లు మూసుకుని పిడుగు కోసం ఎదురుచూశాడు.

పిడుగు పడలేదు.

"ఇది ఇలా ఎందుకుంది? తీసెయ్. ముందు తీసెయ్ దాన్ని!" ఆ గొంతులో కోపం లేదు, కంగారుంది.

"బెజ్జంలో సన్నటిది గుచ్చాలి మిస్ ఇసిల్డా," అన్నాడు బిగ్స్, నెమ్మదిగా వెనక్కి జరుగుతూ.

ఇసిల్డా అప్పుడే చేయించుకున్న జుట్టులోంచి పిన్ను లాగింది. జుట్టు చేయించుకున్న రోజున గాలికే ఎదురువెళ్లని మనిషి! ఈమెకెందుకింత తొందర అని లాసెల్స్ కళ్లు తెరిచి, ఆ బొమ్మను మొదటిసారి సరిగ్గా చూశాడు. మెర్లీన్ వెనక బల్ల మీద, గిన్నెల మధ్య, ఓ చిన్న గిన్నె మూత. దాని మీద నల్లటి గేరు గుండు.

పిన్ను దిగింది. తెర నల్లబడింది. కాసేపటికి జపాను ఆవిడ లేచి ఎప్పటిలా పలకరించింది.

కారు చర్చి మలుపు తిరిగాక లాసెల్స్ కదిలించాడు.

"ఇసిల్డా."

"ఊఁ."

"గేరు గుండు మూత ఉన్న గిన్నెలు ఈ దీవిలో ఎన్నుంటాయంటావ్?"

ఆమె కిటికీలోంచి బయటికి చూసింది. "ఒకటే."

"మరి అది అక్కడ..."

"నువ్వు ఆగవని నాకు తెలీదా? మొదటి వారమే నీ చొక్కాకి పంది తోక వాసన పట్టాను. కాళ్లు కట్టేసి కూర్చోబెట్టలేను కదా! మా ఆయనొస్తే నీ సూప్ పెట్టకు, నాది పెట్టు అని మెర్లీన్‌కి చెప్పా. శనివారం పొద్దున్నే నువ్వు బండి తియ్యగానే పట్టుకెళ్లి ఇస్తున్నా."

"అంటే ఇన్నాళ్లూ నేను అక్కడ తిన్నది..."

"నా కడుగునీళ్లే."

లాసెల్స్‌కి కోప్పడాలనిపించింది, చేతకాలేదు. నవ్వొచ్చింది. "చెప్పొచ్చుగా?"

"అక్కడైతే రెండు గిన్నెలు తింటున్నావట. ఇంట్లో సగం వదిలేస్తావు. ఎక్కడ తింటేనేం, మనిషి నిలబడితే చాలనుకున్నా." ఆమె పిన్ను మళ్లీ జుట్టులో గుచ్చుకుంది. "ఆ రోజు అరటితోటలో నువ్వు పలకలేదు లాసెల్స్. ఎంత పిలిచినా పలకలేదు."

అతనికి సిగ్గేసింది. ఇంత ప్రేమని ఇన్ని శనివారాలు గిన్నె అడుగున వదిలేశానా అనిపించింది.

ఇంటికెళ్లాక ఇసిల్డా ఎప్పటిలా సూప్ వడ్డించింది. అదే గుమ్మడికాయ, అదే పెండలం, అదే చప్పదనం. నిజం చెప్పాలంటే మెర్లీన్ కొట్టులోనే రుచిగా ఉంది. అతను మాత్రం ఒక్క చుక్క మిగల్చకుండా తాగి, గిన్నె చాచాడు.

"ఇంకొంచెం వెయ్యి."

"మధ్యాహ్నం రెండు గిన్నెలు లాగించావుగా. పొట్టలో చోటేదీ?"

"లేదు," అన్నాడు లాసెల్స్, గిన్నె వెనక్కి తీసుకోకుండా. "వెయ్యి."