కాదనడానికో క్లచ్

రంజిత్‌కు ఇరవై తొమ్మిదేళ్లు నిండినా కాదనడం రాలేదు. ఈత రానివాళ్లు ఉంటారు, లెక్కలు రానివాళ్లు ఉంటారు. ఇతనికి ఇది రాదు. తప్పంతా అతనిదే అంటే పాపం. తండ్రి సత్తయ్య ఒకప్పుడు సర్పంచ్. ఆ తర్వాత పదకొండు ఓట్లతో ఓడిపోయాడు. చేవెళ్ల మున్సిపాలిటీ అయ్యాక వార్డుకు నిలబడాలని చూస్తున్నాడు. అందుకని ఇంట్లో ఒకటే చట్టం: "అడిగినోనికి లేదనొద్దు. ఇచ్చింది మర్సిపోతరు గని, లేదన్నది ఐదేండ్లు యాదుంచుకుంటరు."

ఆ చట్టానికి బలైపోయింది ఎర్ర స్పోర్ట్స్ కారు. రెండే తలుపులు, రెండే సీట్లు. గండిపేటలో ఉండే రిషి అనే సాఫ్ట్‌వేర్ కుర్రాడు నాలుగేళ్లు వాడి అమ్మిన బండి. తాళం చేతికిస్తూ అతను, "దీన్ని పరిగెత్తించండి అన్నా, నడిపించకండి" అని మరీ మరీ చెప్పాడు. రంజిత్ సరేనన్నాడు. ఆ రోజే భార్య ఝాన్సీకి కూడా మాటిచ్చాడు: వచ్చే ఆదివారం అనంతగిరి గుట్టలకు పోదాం, మనిద్దరమే. అది ఎనిమిది నెలల కిందటి సంగతి.

ఆ ఎనిమిది నెలల్లో ఆ కారెక్కని పెళ్లికొడుకు చుట్టుపక్కల ఊళ్లలో లేడు. బరాత్ అంటే తెలిసిందేగా. ముందు డాన్సు, దాని వెనక డీజే, ఆ వెనక చీమ నడకలో కారు. రెండు వీధులు దాటడానికి మూడు గంటలు. నడిపేవాడు క్లచ్‌ను సగం తొక్కి సగం వదిలి, అదే పనిగా కాలు ఆనించి నెట్టుకొస్తాడు. ఆదివారం వచ్చేసరికి కారు ఎవరింటి ముందో పూలదండలు వేసుకుని నిలబడి ఉండేది. ఝాన్సీ మొదట్లో ప్రతి ఆదివారం పులిహోర చేసి డబ్బాలో సర్దేది. తర్వాత సర్దడం మానేసింది, అడగడం కూడా మానేసింది. ఆమె తిట్టి ఉంటే రంజిత్‌కు కొంచెం నిద్ర పట్టేది.

చివరికి మొయినాబాద్‌లో ఓ ఊరేగింపు నడుమ, పెళ్లికొడుకు లోపల ఉండగానే కారు పొగ కక్కి ఆగిపోయింది. డాన్సు చేస్తున్నవాళ్లే దాన్ని మెకానిక్ గోవర్ధన్ షెడ్డు దాకా తోశారు, డీజే ఆపకుండా.

గోవర్ధన్ మర్నాడు ప్లేట్ ఊడదీసి ముక్కు మూసుకున్నాడు.

"పటేలా, ఇది క్లచ్ ప్లేటా, మాడిన జొన్నరొట్టెనా?"

తర్వాత బల్ల మీద రెండు డబ్బాలు పెట్టాడు. "ఇది కంపెనీది. మెత్తగుంటది, ఎవరైన నడుపుతరు. ఇది రేసింగ్ది. తొక్కాలంటే కాల్ల సత్తువుండాలె. పట్టిందంటే పట్టింది, లేదంటే లేదు, నడిమిట్ల ఏం లేదు. మెల్లగ పోనిస్తే ఎగిరెగిరి పడ్తది. మనసొంటోళ్లకు దండగ. కంపెనీదే ఏపిచ్చుకో."

"అంటే, బరాత్‌ల నడ్వదా అన్న?"

"బరాత్‌లనా? పెండ్లికొడుకు మెడ విరుగుతది!"

రంజిత్ ముఖం చాటంత అయింది. తను జన్మలో చెప్పలేని మాట ఈ ఇనుప బిళ్ల చెబుతుంది. నాన్నకు ఓట్లు పోవు, తనకు ఆదివారం దక్కుతుంది. ఇంత తెలివి తనకు ఇన్నాళ్లూ ఎందుకు రాలేదా అనుకున్నాడు.

"రేసింగ్దే ఎయ్యన్న."

"దిమాక్ ఖరాబైందా పటేలా?"

"ఐతే అయింది. నువ్వు ఎయ్యి."

ఆ ఆదివారం పొద్దున్నే రంజిత్ కారు కడిగాడు. ఝాన్సీని లేపి, ఇవాళ అనంతగిరి ఖాయం అన్నాడు. ఆమె అతని ముఖంలోకి కాసేపు చూసి, వెళ్లి పులిహోర కలిపింది. డబ్బా పట్టుకుని ఆమె వాకిట్లోకి వచ్చేసరికి బాబాయి కొడుకు ప్రశాంత్ బైకు దిగుతున్నాడు.

"అన్న, మా దోస్త్‌ది సాయంత్రం బరాత్. పూలు కట్టాలె, బండి ఇప్పుడే కావాలె."

రంజిత్ ఎంతో ఉదారంగా తాళం చేతికిచ్చాడు. "తీస్కపో తమ్మి, దాన్లేముంది?"

కారు ఒక్క గెంతు గెంతి ఆగింది. రెండోసారి గెంతి నీళ్ల డ్రమ్మును పడగొట్టింది. మూడోసారికి కోళ్లు గోడెక్కాయి, సత్తయ్య చాయ్ తెల్లచొక్కా మీద ఒలికింది. ప్రశాంత్ చెమట తుడుచుకుంటూ దిగాడు.

రంజిత్ లోలోపల గంతులేస్తూ, పైకి మాత్రం చావు కబురు మోసుకొచ్చినవాడిలా ముఖం పెట్టాడు. అంతటితో ఊరుకుంటే బాగుండేది. ఊరుకోలేదు. "ఏం చేద్దాం తమ్మి, రేసింగ్ క్లచ్. నేనొక్కన్నే నడుపుత. ఇంకెవ్వరితోని గాదు."

"గంతేనా? మంచిదైంది! ఐతే నువ్వే రా అన్న. నీకు గూడ తలపాగ కడ్తం."

"పో బిడ్డా," అన్నాడు సత్తయ్య చొక్కా దులుపుకుంటూ. "ఆళ్లింట్ల ఆరు ఓట్లున్నయి."

రంజిత్ ఝాన్సీ వైపు చూశాడు. ఈ ఒక్కసారి కాదనాలి. నోరు తెరిచాడు. బయటికి వచ్చింది మాత్రం, "సరే తమ్మి."

ఝాన్సీ మెట్లు దిగి వచ్చింది.

"నేను గూడ ఒకటి అడుగుత. ఇయ్యాల బండి నాకు కావాలె. మామా, నాది గూడ ఓటే గద?"

సత్తయ్యకు తప్పలేదు. చట్టం తనదే మరి. "ఇయ్యి రా," అన్నాడు కొడుకుతో.

రంజిత్‌కు ప్రాణం లేచొచ్చింది. ఎంత తెలివైన భార్య, తనను ఎలా గట్టెక్కించింది! ఆమె చేతిలో తాళం పెట్టి, పరుగున వెళ్లి ఎడమ తలుపు తెరిచాడు. ఝాన్సీ స్టీరింగ్ ముందు కూర్చుని ఇంటి వైపు తిరిగి పిలిచింది.

"అత్తమ్మా, రా. అనంతగిరి పోయొద్దాం."

కృష్ణమ్మ ఆ ఇంటికి కోడలై వచ్చి ముప్పై రెండేళ్లు. ఇన్నేళ్లలో ఆమెను "వస్తావా" అని అడిగినవాళ్లు లేరు. తడి చేతులు కొంగుకు తుడుచుకుంటూ వచ్చి, తలుపు పట్టుకుని నిలబడ్డ కొడుకును మోచేత్తో నెట్టింది.

"జరుగు రా."

పెళ్లికి ముందు ఝాన్సీ షాబాద్ దగ్గరి పుట్టింట్లో రెండేళ్లు ట్రాక్టర్ నడిపింది. ఆ మాట ఆమె చాలాసార్లు చెప్పింది కూడా, విన్నవాడు లేడు. కారు ఒక్క కుదుపు లేకుండా గేటు దాటి, వికారాబాద్ రోడ్డెక్కి, కనుమరుగైంది.

రంజిత్ దుమ్ములో నిలబడిపోయాడు. ఏడుపొచ్చినంత పనైంది. అప్పుడు, ఏ క్లచ్ సాయమూ లేకుండా, ఆ మాట దానంతట అదే వచ్చింది.

"నేను రాను తమ్మి."

ఇంకో బండి కోసం ఎవరికో ఫోన్ కలుపుతున్న ప్రశాంత్ తలెత్తి అతన్ని వింతగా చూశాడు.

"బండే లేనంక నువ్వెందుకన్న?"