కామేశం గారి దుర్భిణి

నేను ఒక దుర్భిణిని. రెండు గొట్టాలు, కొన్ని అద్దాలు, ఒక తోలు పట్టీ, ఇంతే నా ఆస్తి. డెహ్రాడూన్‌లో పుట్టి, కొన్నాళ్లు ఒక మేజరు గారి మెడలో వేలాడుతూ శత్రువుల కోసం వెతికాను. కనబడినవన్నీ మేకలే. మేజరు గారు విశాఖలో స్థిరపడ్డాక, రేడియోలో ఫుట్‌బాల్ వ్యాఖ్యానం చెప్పే కామేశం గారికి నన్ను కానుకగా ఇచ్చేశారు.

ముప్పై ఏళ్లు ఆయనకు ఆట చూపించాను. నేను చూపించేది గోరంత, ఆయన చెప్పేది కొండంత. బంతి గోల్ స్తంభానికి గజం దూరంలో పోయినా వెంట్రుకవాసిలో తప్పిందనేవారు. ఇళ్లలో రేడియో వినేవాళ్లంతా ఉసూరుమనేవారు. మనుషులకు అసలు ఆట కన్నా అదే ఇష్టమనుకుంటాను.

తర్వాత ఆయన చూపు మందగించింది. నా చక్రం ఎంత తిప్పినా ఆటగాళ్లు మసకమసకగానే కనబడేవారు. ఆ సంగతి నాకూ, పక్కన కూర్చుని స్కోరు రాసే నూకరత్నానికీ తప్ప ఎవరికీ తెలియదు. ఆవిడ మెల్లగా నంబర్లు అందించేది. ఆయన వాటికి పేర్లు తొడిగి మైదానమంతా పరిగెత్తించేవారు. మైకు పోతే తానే పోయినట్టని ఆయన భయం. నాకు జాలీ వేసేది, కోపమూ వచ్చేది.

అంతర్ జిల్లాల ఫైనల్లో, ఆవిడ తలవంచి రాసుకుంటుండగా గోల్ పడింది. జనం హోరు విన్న కామేశం గారు అలవాటుగా కెప్టెన్ పేరు చెప్పి, ఆ గోల్‌ను కమ్మగా వర్ణించేశారు కూడా. నూకరత్నం తలెత్తేసరికి జట్టంతా పద్నాలుగో నంబరును భుజాలకెత్తుకుని ఉంది.

ఆవిడ మైకుకు చెయ్యి అడ్డం పెట్టింది. "మాస్టారూ, కొట్టింది పైడిరాజండి. కొత్తగా వచ్చాడు, ఇదే మొదటి మ్యాచ్. ఆళ్లమ్మ రేడియో కాడే ఉంటాదండి."

ఊరుకున్నా గడిచిపోయేదే. ఆయన మైకు మీంచి ఆవిడ చెయ్యి పక్కకు జరిపారు.

"శ్రోతలు క్షమించాలి," అన్నారాయన. "గోల్ కొట్టింది పైడిరాజు. నేను చూడలేదు. ఈ ఏడాదంతా చూడకుండానే చెబుతున్నాను. మిగతా ఆట నూకరత్నం గారు చెబుతారు."

నన్ను మెడలోంచి తీసి ఆవిడ చేతిలో పెట్టి, గోడ తడుముకుంటూ మెట్లు దిగిపోయారు. నాకు ఏడుపొచ్చినంత పనయింది.

మరుసటి మ్యాచ్‌కు ఆయన టికెట్టు కొనుక్కుని వచ్చి, ట్రాన్సిస్టర్ చెవికి ఆనించుకుని జనంలో కూర్చున్నారు. ఆట మొదలయ్యే ముందు నూకరత్నం నన్ను అటు తిప్పింది. ముప్పై ఏళ్లు ఆ కళ్లకు ఆనుకునే బతికాను గానీ, ఆయన ముఖం చూడటం అదే మొదటిసారి. కళ్లు మూసుకుని, ఆవిడ గొంతు కోసం ఎదురుచూస్తున్నారు.